రెండు బకెట్ల నీళ్ళు: గుడ్డా కాగితమూ కలిపి పనిచేసే ఒక కళాకారిణి కేసు

ఈ కేసు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. పేరు, పేట, ప్రదర్శన జరిగిన చోటు రాయడం లేదు. బొమ్మల విషయం కూడా కొంచెం మార్చాను. జరిగిన తప్పులు మాత్రం, ఆవిడవీ నావీ, మార్చలేదు.

నేను పాత పుస్తకాలు, దస్తావేజులు, పటాలు బాగుచేసేవాణ్ణి. హైదరాబాదులో చిన్న గది, ఒక ఇనుప ప్రెస్సు, రెండు బల్లలు, అంతే. ఒకప్పుడు నా దగ్గరికి వచ్చేవన్నీ నాకంటే వయసులో పెద్దవి. ఈ పదేళ్ళలో నిన్నమొన్న పుట్టినవి కూడా వస్తున్నాయి. చేసి రెండేళ్ళు కాకుండానే జబ్బు పడిన కళాకృతులు. పాతవాటితో ఒక సుఖం ఉంది, చేసినవాళ్ళు బతికి లేరు కాబట్టి వాళ్ళని అడిగేదేమీ ఉండదు. కొత్తవాటికి చేసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటారు. అయినా అడగాల్సింది అడక్కుండా మొదటి నెలన్నర వృథా చేశాను. ఈ కేసు రాయడానికి అసలు కారణం అదే.

నేపథ్యం

ఆవిడకి నలభై దాటాయి. శ్రీకాళహస్తిలో ఒక నెల ఉండి కలంకారీ కలం పట్టడం నేర్చుకున్నారు. పుస్తకం కుట్టడం, మడతలు వేయడం అక్కడా ఇక్కడా నేర్చినవే. ఆవిడ పని ఇలా ఉంటుంది. వాడి వాడి మెత్తబడ్డ నూలు చీరలు, పంచెలు తీసుకుంటారు. కరక్కాయ రసమూ పాలూ కలిపి ముంచి ఆరబెడతారు. వెదురు కలంతో నల్ల గీత గీస్తారు. ఆ గుడ్డని చేత్తో చేసిన కాగితం మీద అతికించి, మడతల పుస్తకంలా మడుస్తారు. విప్పితే మూడు నాలుగు గజాల పొడవు. అందులో బొమ్మలు పెద్దగా ఉండవు, ఇంటి పద్దులుంటాయి: పాలవాడి గీతలు, చాకలి పద్దులో చీరలు, పంచెలు, దుప్పట్లు, ఒక్కోదాని పక్కన చుక్కలు. వాళ్ళ అమ్మమ్మ రాసుకున్న పుస్తకం నుంచి పుట్టిన ఆలోచనట. నాకు నచ్చింది. అలాంటి పుస్తకాలు పధ్నాలుగు చేశారు. రెండు ప్రదర్శనలు జరిగాయి, తొమ్మిది అమ్ముడుపోయాయి.

చూసినవాళ్ళంతా మెచ్చుకున్నది ఒక రంగుని. పద్దుల వెనక గుడ్డంతా లేత బూడిదరంగులో ఉండేది, తడి బట్ట మీద పొగ పట్టినట్టు. ఆ రంగు సంగతి తర్వాత చెబుతాను.

తెచ్చిన సమస్య

ఆగస్టులో, మంచి ముసురు రోజున, పెద్ద ప్లాస్టిక్ కవర్లో మూడు పుస్తకాలు చుట్టుకుని వచ్చారు. పేజీలు వేయించిన అప్పడాల్లా లేచిపోయాయి. నల్ల గీతలున్న చోట కాగితం వెనకవైపు గోధుమరంగు నీడ దిగింది. ఒక పుస్తకంలో మడత దగ్గర గుడ్డ చిరిగింది. చిరుగు ఎక్కడ పడితే అక్కడ లేదు, నల్ల గీత వెంబడే బ్లేడుతో కోసినట్టుంది. కొన్నవాళ్ళలో ఒకరు ఫోటో పంపారట. జనవరిలో ఇంకో ప్రదర్శన.

"జిగురు మంచిది కాదేమో సార్. మంచి జిగురు పేరు చెప్పండి చాలు," అన్నారు.

భూతద్దం పెట్టి చూశాను. గీత లేనిచోట గుడ్డ గట్టిగానే ఉంది, లాగితే సాగుతోంది. నల్ల గీత మీద మాత్రం దారం పోగులు నిలబడలేదు. గోటితో తాకితే మినప్పొట్టులా రాలింది. రెండు వేళ్ళ మధ్య నలిపితే నల్లటి పొడి.

ఆ పొడి చూశాక నేను అక్కడే ఆగి ఆలోచించి ఉండాల్సింది. కోరమాండల్ తీరం నుంచి ఐరోపాకి వెళ్ళిన పాత చీటీ గుడ్డల్లో (రంగు బొమ్మలు వేసిన నూలు గుడ్డలు) ఇదే కనిపిస్తుంది: ఎరుపు, నీలం నిక్షేపంగా ఉంటాయి, ఇనుముతో వేసిన నలుపు ఉన్నచోట గుడ్డ తినేసినట్టు పోతుంది. అది నాకు తెలుసు. కానీ వాటికి రెండు మూడు వందల ఏళ్ళు, దీనికి రెండేళ్ళు. రెంటికీ ముడిపెట్టాలని తోచలేదు. పైగా పేజీ వంపు కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, ఆ వంపు తీయడం నాకు చేతనైన పని. మనకి చేతనైన పనే ముందు కనిపిస్తుంది కదా.

మొదట చేసింది

వంపు ఎందుకొస్తుందో బైండింగ్ చేసేవాళ్ళెవరికైనా తెలుసు. తడి జిగురు తగలగానే గుడ్డా కాగితమూ రెండూ సాగుతాయి. ఆరేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఒకటి తక్కువ. ఎక్కువ ముడుచుకున్నది రెండోదాన్ని తనవైపు లాగుతుంది. ఇక్కడ లాగుతున్నది గుడ్డ. దీనికి అట్టల పనిలో పాత ఉపాయమొకటి ఉంది: ఒకవైపు లాగుతుంటే రెండోవైపు కూడా అంతే లాగేలా ఇంకో కాగితం అతికించడం. ఒక పేజీ వెనక పల్చటి కాగితం వేసి, బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, నాలుగు రోజులు ప్రెస్సులో ఉంచాను. బల్లలా చదునుగా వచ్చింది. ఆవిడ సంతోషించారు, నేనూ కాలర్ ఎగరేశాను.

పది రోజులకి మళ్ళీ వాన పట్టింది. చదును పోయింది. అంతకంటే ఘోరం, గీతల వెనక నీడ రెట్టింపైంది. కొత్తగా వేసిన కాగితంలోకి కూడా దిగింది. గీతలో ఉన్నదేదో నా జిగురులోని తడి పట్టుకుని బయటికి నడిచింది. జబ్బు ఏమిటో తేల్చకుండా తడి తగిలించకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. ముప్పై ఏళ్ళ తర్వాత దాన్ని మళ్ళీ చదువుకున్నాను.

రెండోసారి చేసింది

ఈసారి ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ పట్టీ పెట్టాను. గీత లేనిచోట కొంచెం ఆమ్లం, గీత దగ్గర నాలుగు. నాలుగంటే కాగితానికీ నూలుకీ చెడ్డది. ఆమ్లం ఉంది కాబట్టి క్షారం ఇవ్వాలి, మామూలు లెక్క. అమెరికాలో విలియం బారో 1940లలో ఆమ్లం పట్టిన పాత కాగితాలని సున్నపు నీటిలో ముంచే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. ఆ తర్వాత దాన్ని మెరుగుపరిచారు గానీ మూలం అదే. సున్నపు తేట చవక, నాకు అలవాటు. పుస్తకం మొత్తం ముంచడం కుదరదు కాబట్టి పల్చగా చల్లుదామనుకున్నాను.

చల్లే ముందు ఆవిడని ఒక్కటే అడిగాను, పసుపుపచ్చ రంగు దేనితో వేశారని. పద్దుల్లో అక్కడక్కడ పచ్చ చుక్కలున్నాయి. "కరక్క పువ్వు సార్," అన్నారు. కాళహస్తిలో వాడేది అదే. సరే అనుకున్నాను. నయం, మూలనున్న ఒక్క చుక్క మీదే చల్లాను.

చుక్క కళ్ళముందే ఎర్రగా తిరిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో తెలుగింట్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. "పెళ్ళికూతురి కాళ్ళలా అయింది సార్," అని ఆవిడే నవ్వారు. తర్వాత గుర్తుచేసుకుని చెప్పారు. ఆ పుస్తకం చేస్తుండగా కరక్క పువ్వు అయిపోయిందట. మూడు పేజీలకి వంటింట్లో పసుపు వాడి ఆ సంగతి మర్చిపోయారు. పక్కనున్న నల్ల గీత కూడా సున్నం తగిలినచోట తుప్పు రంగుకి తిరిగింది. ఆ నలుపుకి క్షారం పడదు.

మామూలుగా ఇలాంటప్పుడు ఇంకో మందు వెతకాలనిపిస్తుంది. మందు ఉంది కూడా. ఇనుప సిరా తినేసిన కాగితాలకి నెదర్లాండ్స్‌లో యోహాన్ నేవెల్ 1990లలో కాల్షియం ఫైటేట్ పద్ధతి తయారుచేశాడు. తవుడులో ఉండే ఫైటిక్ ఆమ్లం అక్కడ ముడిసరుకు. అది ఇనుముని పట్టి కట్టేస్తుంది. (అలాగని ఎవరూ తవుడు నీళ్ళలో బొమ్మలు ముంచకండి, అది వేరు ఇది వేరు.) కానీ దానికి వస్తువుని నీళ్ళలో ముంచాలి. ఇక్కడ మైదాతో అతికించిన గుడ్డ ఉంది, పసుపు ఉంది, ఇంకా ఏమేమి ఉన్నాయో చేసినావిడకే గుర్తులేదు. అందుకని మందులు ఆపేశాను. "అమ్మా, ఒక్క పేజీ మొదటి నుంచి చివరిదాకా ఎలా చేస్తారో చూడాలి. గంటలతో సహా," అన్నాను.

"మా ఇంట్లో పని రాత్రిపూట సార్."

"రాత్రే వస్తాం."

ఆ రాత్రి

మా ఆవిడా నేనూ తొమ్మిదిన్నరకి వెళ్ళాం. మూడో అంతస్తు, రెండు పడగ్గదుల ఇల్లు. పిల్లలు చదువుకుంటున్నారు, అత్తగారు టీవీ ముందున్నారు. టీ ఇచ్చారు. పదింటికి డైనింగ్ టేబుల్ తుడిచి, పాత దుప్పటి పరిచి, అటక మీంచి రెండు అట్టపెట్టెలు దించారు. పన్నెండున్నర దాకా పని. ఆ తర్వాత అన్నీ సర్దెయ్యాలి, పొద్దున ఆరింటికి ఆ టేబుల్ మీదే ఇడ్లీలు. "సర్దడానికే అరగంట పడుతుంది సార్. అందుకే ఏ రాత్రి పేజీ ఆ రాత్రే పూర్తిచేస్తాను. సగంలో వదిలేస్తే పెట్టడానికి చోటుండదు."

ఆ ఒక్క మాటలో సగం కేసు ఉంది.

గీయడం మొదలుపెట్టారు. కరక్కాయ పట్టిన గుడ్డ లేత పసుపుపచ్చగా ఉంటుంది. కలంలోంచి దిగేటప్పుడు ఆ నీరు పల్చటి టీ రంగులో ఉంటుంది. గుడ్డని తాకిన క్షణంలో ఏమీ కనిపించదు. రెండు మూడు లెక్కపెట్టేసరికి లోపలినుంచి నలుపు పైకి తేలుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి పుట్టే నలుపు అది.

కానీ ఆవిడ ముంచుతున్నది కసిమి కుండలో కాదు, మందుల సీసాలో. కసిమి అంటే తుప్పు ఇనుమూ బెల్లమూ తాటిబెల్లమూ నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన నీరు. మొదట్లో ఆవిడా బాల్కనీలో కుండ పెట్టుకున్నారు. వాసనకి పక్కవాళ్ళు అసోసియేషన్ మీటింగులో ఎత్తారు. దాంతో ఆయుర్వేద దుకాణంలో అన్నభేది అనే ఇనుప లవణం కొని నీళ్ళలో కరిగించి వాడుతున్నారు. నలుపు అలాగే వస్తోంది, ఇంకా గాఢంగా కూడా. ఎవరికీ తేడా తెలియలేదు.

పదకొండున్నరకి ఉతుకు. శ్రీకాళహస్తిలో గుడ్డని పారే నీళ్ళలో జాడిస్తారు. నల్లగా మారకుండా మిగిలిపోయిన ఇనుము, పటిక కొట్టుకుపోవాలి, పక్కనున్న తెలుపు మీద పడకూడదు. స్వర్ణముఖిలో నీళ్ళుంటే నదిలో, లేకపోతే పొలం మోటారు దగ్గర. ఈ ఇంట్లో మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున గంటసేపు. అపార్ట్‌మెంట్ బోరు ఎండాకాలం నుంచీ మొరాయిస్తోంది. కాబట్టి రెండు బకెట్లు. మొదటి దాంట్లో ముంచి పిండారు, రెండో దాంట్లో ముంచి పిండారు. ఆ నీళ్ళు పారబోయలేదు, రేపటి గుడ్డకి మొదటి బకెట్టు అదే.

"నీళ్ళు పారబోస్తే మా అత్తగారు ఊరుకోరు," అని నెమ్మదిగా అన్నారు. అత్తగారిది మాత్రం తప్పెలా అవుతుంది?

తర్వాత ఇంకా తడిగానే ఉన్న గుడ్డని ఇస్త్రీపెట్టెతో సగం ఆర్చి, బైండింగ్ షాపులో కొన్న మైదా జిగురు పూసి కాగితం మీద పరిచారు. ఆ జిగురుకి లేత నీలం ఛాయ ఉంది. పురుగు పట్టకుండా షాపుల్లో మైలుతుత్తం కలుపుతారు. నేనూ కుర్రతనంలో కలిపాను. అందులో ఉండేది రాగి, ఇనుములాగే అది కూడా నూలునీ కాగితాన్నీ పాడుచేయగలదు.

నా దగ్గర బాతోఫెనాంత్రోలిన్ పట్టీలు కొన్ని ఉన్నాయి. కలవకుండా మిగిలిన ఇనుము తగిలితే గులాబీ రంగుకి తిరుగుతాయి. ఒకదాన్ని నీటిబొట్టుతో తడిపి, అద్ది, ఉతికిన గుడ్డ మీద గీతపై నొక్కాను: గులాబీ. గీతలేని చోట నొక్కాను: అదీ గులాబీయే, కొంచెం లేతగా. రెండో బకెట్టులో ముంచాను: మళ్ళీ గులాబీ.

అందరూ మెచ్చుకున్న బూడిదరంగు ఎక్కడినుంచి వస్తోందో అప్పుడు తెలిసింది. బకెట్టులో కరిగిన ఇనుము, కరక్కాయ పట్టిన గుడ్డంతా పరుచుకుని ఇచ్చిన రంగు అది.

ఎందుకు పాడవుతోంది

ఆవిడకి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. మిగిలిపోయిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో, తేమతో కలిసి నూలు పోగుని మెల్లగా కాల్చినట్టు చేస్తుంది. అన్నభేది ఇనుముకీ గంధకానికీ పుట్టింది కాబట్టి నలుపు తయారవుతూనే గంధకామ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం గుడ్డనీ దాని కింద కాగితాన్నీ తుంచుతుంది. బెల్లంతో చేసిన కసిమిలో ఉండేది పులుపు, ఆరేటప్పుడు దాంట్లో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. ఇనుము మాత్రం అందులోనూ ఉంది, కాబట్టి కసిమికైనా జాడింపు తప్పదు. ఐరోపాలో వందల ఏళ్ళు రాసిన సిరా కూడా అన్నభేదీ వగరుకాయా కలిపిందే. అక్కడి గ్రంథాలయాల్లో అక్షరాలున్న చోట కాగితానికి రంధ్రాలు పడ్డాయి. మన పాత కాగితాల మీద ఎక్కువగా దీపపు మసీ బంకా కలిపిన సిరా వాడారు. దాంతో ఈ బాధ లేదు.

ఇదంతా విని ఆవిడ అన్న మాట నేను ఊహించలేదు. "ఆ బూడిదరంగు లేకపోతే అవి నావి కావు సార్."

పదిహేను రోజులు ఫోన్ లేదు.

నాకు టెన్షన్ పట్టుకుంది. జబ్బు కనిపెట్టాను గానీ, ఆ జబ్బే ఆవిడ సంతకం అయినప్పుడు ఏం చేయాలో నాకు తెలియదు. పుస్తకం బాగుచేసేవాడికి ఎదురయ్యే ప్రశ్న కాదది. మళ్ళీ వచ్చినప్పుడు ఆవిడే దారి చూపించారు: "అమ్మమ్మ పుస్తకంలో సిరా ఎందుకు పాడవలేదు? అదేమిటో తెలిస్తే దాంతో బూడిదరంగు వస్తుందా?" ఆ పుస్తకం తెప్పించి చూశాం. కొన్ని పేజీలు పెన్సిలు, కొన్ని దుకాణంలో కొన్న సిరా. మసి కాదు. కానీ ప్రశ్న మంచిది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, కాటుక పట్టినట్టు మసి పట్టి, తుమ్మబంక నీళ్ళలో నూరారు. వాడేముందు బాగా పల్చన చేసి తడి గుడ్డ మీద కుంచెతో వేశారు. మొదట మచ్చలు మచ్చలుగా వచ్చింది. నూరడం సరిపోలేదు. గంటసేపు నూరిన తర్వాత వచ్చిన రంగు, నిజం చెప్పాలంటే, పాతదానికంటే బాగుంది. మసికి రసాయనం ఏమీ లేదు, ఉన్నచోటే ఉంటుంది. నీళ్ళు తగిలితే మాత్రం కదలొచ్చు, కాబట్టి అది ఉతుకులన్నీ అయ్యాకే వేయాలి.

ఏది పనిచేసిందంటే

నా మాట మీద ఆవిడ పద్ధతి మార్చుకోకూడదనుకున్నాను, కళ్ళతో చూడాలి. ఒకే పంచెలోంచి పన్నెండు ముక్కలు చించాం. సగం అన్నభేదితో, సగం కసిమితో (మా డాబా మీద కుండ పెట్టాం, మా పక్కవాళ్ళు మంచివాళ్ళు). కొన్నింటిని రెండు బకెట్లలో, కొన్నింటిని కుళాయి కింద పట్టీకి గులాబీ రంగు రావడం ఆగేదాకా జాడించాం. చేతి కాగితం మీద కుట్టి, మా స్నానాలగది కిటికీకి కట్టాను. ఆరు వారాలు. రెండు బకెట్ల అన్నభేది ముక్కలకి మూడో వారంలోనే వెనక నీడ దిగింది. కుళాయి కింద జాడించిన కసిమి ముక్కల్లో మార్పేమీ కనిపించలేదు. ఆరు వారాల స్నానాలగది యాభై ఏళ్ళ గోడకి సాటి కాదని ఆవిడకి చెప్పాను. కానీ ఏది ముందు పాడవుతుందో తెలిసింది, అది చాలు.

ఇక అసలు చిక్కు నీళ్ళదీ వేళదీ. పారే నీళ్ళు తెల్లవారుజామునే వస్తాయి, పని రాత్రిది. మధ్యలో గుడ్డ ఆగాలి. ఆగితే పేజీ ఆ రాత్రి పూర్తికాదు. నేను తేలిగ్గా "ఆపండమ్మా, ఏముంది," అన్నాను. ఆవిడ మొహం మారిపోయింది. "పొద్దుట్నుంచీ ఇంట్లో నేను చేసే ఏ పనీ పూర్తికాదు సార్. వండినది అయిపోతుంది, ఉతికినది మాసిపోతుంది. ఆ ఒక్క పేజీ పూర్తిచేసి పడుకుంటేనే మర్నాడు లేవబుద్ధేస్తుంది."

ఇది సాంకేతిక విషయం కాదని పక్కనబెడితే నా సలహా వారం కూడా నిలబడేది కాదు. అందుకని పేజీని కాకుండా నీళ్ళని పట్టుకుని వారాన్ని విడదీశాం. నీళ్ళ రోజుకి ముందు రెండు రాత్రులూ కసిమి గీతలు. ఎన్ని గుడ్డలైతే అన్ని, కొక్కేలకి వేలాడదీసి ఉంచడం, దొంతర పెట్టకూడదు. నీళ్ళ రోజు పొద్దున అయిదింటికి పైపు పెట్టి ఒకేసారి జాడింపు. వారానికి ఒక్క ఉతుకు కాబట్టి మొత్తం ఖర్చయ్యే నీళ్ళు కొంచెమే పెరిగాయి. ఆఖరి జాడింపు నీళ్ళు బాల్కనీ తుడవడానికి పోతాయి, గుడ్డకి మాత్రం తిరిగి రావు. అత్తగారు ఒప్పుకున్నారు. మిగతా రాత్రులు కుట్టు, మసి, కాగితం.

రోజుకొకటి పూర్తికావాలన్న ఆకలికి ఆవిడే మందు కనిపెట్టారు. పాత చిట్టాపుస్తకం ఒకటి తీసి, ప్రతి రాత్రి పని ముగిశాక అగ్గిపెట్టెంత గుడ్డముక్క దానికి కుట్టి, పక్కన నాలుగు మాటలు రాస్తారు: తేదీ, కరక్కాయ ఎన్నోసారి నానింది, ఏ నీళ్ళు, ఏ రంగు దేనితో. పేజీ పూర్తవుతుంది, పడుకుంటారు. ఆ పుస్తకం నాకు పెద్ద ఆస్తి. పసుపు వాడిన రాత్రి "పసుపు, వంటింటిది" అని ఉంటుంది కదా.

అతికించడం పూర్తిగా మాన్పించలేదు గానీ చాలా తగ్గించాం. గుడ్డ పై అంచు మాత్రమే కాగితానికి కుట్టి, కింద వదులుగా వేలాడనివ్వడం. వానాకాలంలో కాగితం పొంగినా గుడ్డ దాన్ని లాగదు. కుట్టు రంధ్రాలు ముందే సూదితో పొడవాలి. మొదటి రెండింటికి ఆవిడ చీర అంచుకి కుట్టినంత దగ్గరగా కుట్టేసరికి కాగితం తపాలాబిళ్ళలా ఊడొచ్చింది. ఒక్కో రంధ్రానికీ మధ్య చిటికెనవేలి గోరంత ఎడం పెట్టాక నిలబడింది. తప్పనిసరిగా అతికించాల్సిన చోట ఇంట్లో కాచిన గోధుమ గంజి, మైలుతుత్తం లేకుండా. రెండు రోజుల్లో పులుస్తుంది, కొంచెమే కాచుకోవాలి.

ఇంకొకటి మడత. మడతకి అటూ ఇటూ వేలెడు వెడల్పున నల్ల గీత రాకూడదన్నాను. నలుపు ఎంత జాడించినా నూలులో అదే బలహీనమైన చోటు, అక్కడే రోజూ మడిస్తే ముందు తెగేదీ అదే. మొదట విసుక్కున్నారు. తర్వాత ఆ ఖాళీనే పద్దులో నిలువు గీతగా, రూపాయలకీ అణాలకీ మధ్య గడిలా వాడుకున్నారు.

పాతవాటి సంగతి

చేతిలో మిగిలిన అయిదింటిలో ఒక్కదాన్నే విప్పాం. పసుపు లేని పుస్తకం అది. తడి బ్లాటింగ్ పేపర్ల మధ్య జిగురు మెత్తబరిచి, గుడ్డ విడదీసి, పట్టీ చూసుకుంటూ శుద్ధి చేసిన నీళ్ళు మార్చి మార్చి జాడించి, ఆరాక చిరిగిన గీతల వెనక పల్చటి జపనీస్ టిష్యూ కాగితం వేశాను. అప్పటికే తినేసిన పోగు తిరిగి రాదు. బూడిదరంగు సగం పోయింది. ఆవిడ చాలాసేపు చూసి, "ఇది నా అక్క చేసినట్టుంది," అన్నారు. మిగతా నాలుగూ విప్పవద్దన్నారు. వాటిని పొడిగా, చదునుగా, పేజీల మధ్య ఆమ్లంలేని కాగితం పెట్టి ఉంచాం. నేనైతే ఇంకొకటైనా విప్పేవాణ్ణి. కానీ చేసిన మనిషి బతికి ఉండగా ఆ నిర్ణయం నాది కాదు.

ఇప్పుడు నా దగ్గరికి కొత్త పని ఏది వచ్చినా భూతద్దం తీయకముందు అడిగేవి మూడున్నాయి: ఏ నీళ్ళు, ఏ వేళ, పని అయ్యాక ఎక్కడ పెడతారు. ఒకాయన కాగితపు గుజ్జు బొమ్మలు తెచ్చినప్పుడు ఇది అడిగితే, "మీరు డాక్టరా, పోలీసా?" అన్నాడు. బొమ్మలు గ్యాస్ సిలిండర్ పక్కన, వంటింటి ఆవిరిలో ఆరబెడుతున్నాడు.

జనవరి ప్రదర్శనకి ఆవిడ వెళ్ళలేదు, వాయిదా వేసుకున్నారు. ఏడాది దాటాక ఆరు కొత్త పుస్తకాలు పెట్టారు. మధ్యలో ఒక వానాకాలం గడిచింది, ఒక్క పేజీ కొద్దిగా వంగింది, నీడలు లేవు. పాతవి కొన్న తొమ్మిదిమందికీ ఆవిడే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. కావాలంటే డబ్బు తిరిగిస్తాను, లేదంటే కొత్తది చేసిస్తాను అన్నారు. ఇద్దరు మార్చుకున్నారు. ఆరుగురు చూద్దాంలే అన్నారు. మొదట ఫోటో పంపినాయన మాత్రం ఇవ్వనన్నాడు. మా చాకలి పద్దు కూడా ఇలాగే చిరిగిపోయిందండీ అన్నాడట. ఆవిడ ఆయనకి ఒక చిన్న కాగితం పోస్టులో పంపారు, పుస్తకం వెనక పెట్టుకోమని. నకలు నాకూ ఇచ్చారు. అందులో ఇలా ఉంది: "పాత పంచె. కరక్కాయ, గేదె పాలు. నలుపు అన్నభేది. రెండు బకెట్ల నీళ్ళు. వానాకాలంలో విప్పవద్దు."